ఇంజను వేగానికి ఎర్రగీత

స్పోర్ట్స్ కారు నడిపేవాని ఎదుట రెండు గుండ్రని పలకలు ఉంటాయి. ఒకదానిలోని ముల్లు కారు గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగముతో పోతున్నదో చూపుతుంది. రెండవదానిలోని ముల్లు ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపుతుంది. ఈ రెండవ పలకకు టాకోమీటరు అని పేరు. దానిపై ఒకచోట ఎర్రని గీత గీసి ఉంటుంది. ముల్లు ఆ గీతను దాటరాదు. దాటకముందే పై గేరుకు మారవలెను.

ఈ ఎర్రగీత అన్ని కార్లలో ఒకేచోట ఉండదు. ఒకదానిలో 6,500 దగ్గర ఉంటే మరొకదానిలో 9,000 దగ్గర ఉంటుంది. 12,000 దాటిన కారు కూడ ఉన్నది. ఈ అంకె తయారీదారుల ఇష్టము వచ్చినట్లు వేసినది కాదు. దాని వెనుక నూరేళ్ళకు మించిన చరిత్ర ఉన్నది. లోహము ఎంత బలమును ఓర్చుకోగలదు, స్ప్రింగు ఎంత త్వరగా వెనుకకు రాగలదు, గాలి ఎంత తొందరగా సిలిండరులో నిండగలదు అనే ప్రశ్నలకు ఇంజనీర్లు కాలక్రమమున చెప్పిన సమాధానమే ఈ ఎర్రగీత. నడుమ ఒక దేశపు పన్నుల చట్టము కూడ ఈ కథలో పాలు పంచుకున్నది. ఆ చరిత్రను క్రమముగా చూద్దాము.

నెమ్మదిగా తిరిగిన తొలి ఇంజనులు

జర్మనీ దేశీయుడైన నికొలాస్ ఒట్టో 1876లో నాలుగు ఘాతముల ఇంజనును విజయవంతముగా నడిపాడు. పిస్టను ఒక కొస నుండి రెండవ కొసకు పోవుటను ఘాతము అంటారు. మొదటి ఘాతములో గాలి, ఇంధనము లోనికి వస్తాయి. రెండవ ఘాతములో అవి నొక్కుకుపోతాయి. మూడవ ఘాతములో మండి పిస్టనును నెడతాయి. నాల్గవ ఘాతములో పొగ బయటికి పోతుంది. అంటే నాలుగు ఘాతములలో ఒక్కటే పని చేసి పెట్టేది. తక్కిన మూడింటికీ ఆ ఒక్కటే పెట్టుబడి.

ఒట్టో ఇంజను నిమిషమునకు 200 చుట్లకు లోబడే తిరిగేది. దానికి కారణము లోహపు బలహీనత కాదు, నిప్పు అంటించే పద్ధతి. ఒక జారుడు తలుపు తెరుచుకొని, బయట మండుతున్న జ్వాలను లోపలి వాయువుకు అందించవలెను. ఆ తలుపు జరిగి, మంట అందించి, తిరిగి మూసుకొనుటకు కొంత వ్యవధి కావలసి ఉండేది. ఇంజను వేగము పెరిగితే ఆ వ్యవధి చాలేది కాదు.

ఈ అడ్డంకిని గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మైబాఖ్ తొలగించారు. సిలిండరులోకి తెరుచుకొన్న ఒక సన్నని గొట్టమును బయటనుండి ఎర్రగా కాల్చి ఉంచారు. వాయువు నొక్కుకుపోయినప్పుడు ఆ గొట్టములోనికి చొచ్చుకొని తనంతట తానే మండేది. కదిలే తలుపు లేదు కనుక ఆలస్యము లేదు. 1885లో వారు చేసిన చిన్న ఇంజను నిమిషమునకు 600 చుట్లకు పైగా తిరిగి, అర అశ్వశక్తి ఇచ్చింది. దాని సిలిండరు పరిమాణము 264 ఘన సెంటీమీటర్లు మాత్రమే. ఆ రోజులలోనే కార్ల్ బెంజ్ విద్యుత్తు మెరుపుతో వాయువును అంటించే పద్ధతిని ఎన్నుకొని, 1886లో తన మూడు చక్రాల బండికి పేటెంటు పొందాడు. దాని ఇంజను 400 చుట్లు తిరిగేది.

ఫ్రాన్సులో ద డియాన్, బూటాన్ అనువారు 1895లో బ్యాటరీ, తీగచుట్ట సాయముతో మెరుపు పుట్టించే చిన్న ఇంజనును తయారుచేశారు. అది 1,500 చుట్లు తిరిగింది. 1902లో రాబర్ట్ బాష్ సంస్థలో గాట్లాబ్ హోనాల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను రూపొందించాడు. దానితో నిప్పు అంటించే సమస్య చాలవరకు తీరిపోయింది. ఇక ఇంజను వేగమునకు అడ్డము వచ్చేది నిప్పు కాదు, కదిలే భాగముల బరువు.

చుట్లు కాదు, పిస్టను వేగము

ఇక్కడ ఒక కొలతను తెలుసుకొనుట అవసరము. రెండు ఇంజనులు నిమిషమునకు ఒకే సంఖ్యలో తిరుగుతున్నా, వాటి భాగములు పడే కష్టము ఒకటి కాదు. పొడుగు ఘాతము ఉన్న ఇంజనులో పిస్టను ఒక చుట్టులో ఎక్కువ దూరము పోవలెను. పొట్టి ఘాతము ఉన్నదానిలో తక్కువ దూరము పోతే చాలును. కనుక ఇంజనీర్లు సగటు పిస్టను వేగమును లెక్క కడతారు. ఒక చుట్టులో పిస్టను ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి పోతుంది. కాబట్టి ఘాతపు పొడవును రెండుతో గుణించి, నిమిషపు చుట్లతో గుణించి, 60తో భాగిస్తే సెకండుకు ఎన్ని మీటర్లో వస్తుంది.

బెంజ్ బండి ఘాతము 150 మిల్లీమీటర్లు. 400 చుట్ల దగ్గర దాని పిస్టను సగటు వేగము సెకండుకు 2 మీటర్లు. మనిషి చురుకుగా నడిచే వేగమునకు అది కొంచెము ఎక్కువ. ఈ అంకెను గుర్తుంచుకొని ముందుకు పోదాము.

పన్ను దిద్దిన ఇంజను

బ్రిటనులో మోటారు కార్లపై అశ్వశక్తిని బట్టి పన్ను వేయదలచారు. కాని ప్రతి ఇంజనును పరీక్షాశాలకు తెచ్చి దాని శక్తిని కొలుచుట సాధ్యము కాదు. అందుచేత రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు ఇచ్చిన ఒక సూత్రమును 1910 నుండి వాడినారు. సిలిండరు అడ్డుకొలతను అంగుళములలో తీసుకొని, దానిని వర్గము చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగించవలెను. వచ్చినదే పన్నుకు లెక్కించే అశ్వశక్తి.

ఈ సూత్రములో ఘాతపు పొడవు లేదు, నిమిషపు చుట్లు లేవు. అవి ఎక్కడికి పోయినవి? సూత్రము చేసినవారు మూడు విషయములను ముందే అనుకున్నారు. పిస్టనుపై సగటు పీడనము చదరపు అంగుళమునకు 90 పౌనులు; యంత్రపు దక్షత నూటికి 75; పిస్టను వేగము నిమిషమునకు 1,000 అడుగులు. విద్యార్థులు తామే సరిచూసుకొనవచ్చును. పిస్టను వైశాల్యము అడ్డుకొలత వర్గమునకు 0.7854 వంతు. దానిని 90తో, 0.75తో, 1,000తో గుణించవలెను. నాలుగు ఘాతములలో ఒక్కటే పని చేస్తుంది కనుక 4తో భాగించవలెను. నిమిషమునకు 33,000 అడుగు-పౌనులు ఒక అశ్వశక్తి కనుక మరల 33,000తో భాగించవలెను. వచ్చేది సుమారు 0.4, అంటే 2.5వ వంతు.

నిమిషమునకు 1,000 అడుగులు అంటే సెకండుకు 5 మీటర్లకు కొంచెము ఎక్కువ. ఏ ఇంజనులోనైనా పిస్టను ఇంతే వేగముతో పోతుందని ఆ సూత్రము అనుకున్నది. కాని కొద్ది ఏళ్ళలోనే ఆ ఊహ తప్పని తేలిపోయింది.

1912లో ఫ్రెంచి గ్రాంప్రి పందెము డియెప్ వద్ద జరిగింది. ఫియట్ సంస్థ 14 లీటర్లకు మించిన పెద్ద ఇంజనులతో వచ్చింది. పెజో సంస్థ తెచ్చిన ఇంజను 7.6 లీటర్లది మాత్రమే. ఐనా జార్జి బ్వాయో నడిపిన పెజో కారే గెలిచింది. ఎర్నెస్ట్ ఆన్రి పేరుతో ప్రసిద్ధమైన ఆ ఇంజనులో సిలిండరుకు నాలుగు వాల్వులు, వాటిని నడుపుటకు తలపైన రెండు క్యాము షాఫ్టులు ఉన్నాయి. పెద్ద వాల్వులు రెండింటికి బదులు చిన్నవి నాలుగు పెట్టినందున గాలికి దారి విశాలమైనది, ఒక్కొక్క వాల్వు బరువు తగ్గినది. దాని ఘాతము 200 మిల్లీమీటర్లు. 2,200 చుట్ల దగ్గర పిస్టను వేగము సెకండుకు 14.7 మీటర్లు. సూత్రము ఊహించిన దానికి ఇది దాదాపు మూడు రెట్లు. నేటికీ వేగముగా తిరిగే ఇంజనులలో ఎక్కువభాగము ఈ పెజో అమరికనే అనుసరిస్తున్నవి.

సూత్రము తప్పని తేలినా చట్టము మారలేదు. 1921 నుండి బ్రిటనులో ఒక్కొక్క అశ్వశక్తికి ఏడాదికి ఒక పౌను చొప్పున పన్ను విధించారు. పన్ను అడ్డుకొలతపైనే కనుక తయారీదారులు సిలిండర్లను సన్నగా, పొడుగుగా చేయసాగారు. ఆ రోజులలో పేరు పొందిన 3 లీటర్ల బెంట్లీ కారునే తీసుకొందాము. దాని సిలిండరు అడ్డుకొలత 80 మిల్లీమీటర్లు, ఘాతము 149 మిల్లీమీటర్లు. పన్ను లెక్కలో అది 15.9 అశ్వశక్తి మాత్రమే. వాస్తవముగా అంతకు నాలుగింతలకు పైగా శక్తి ఇచ్చేది. కాని ఘాతము అంత పొడుగైనందున 3,500 చుట్ల వద్దనే పిస్టను వేగము సెకండుకు 17 మీటర్లు దాటిపోయేది. అంతకంటె వేగముగా తిప్పుట కష్టము. సన్నని సిలిండరులో పెద్ద వాల్వులకు చోటు కూడ ఉండదు. ఈ విధముగా పన్ను సూత్రము ఇంజను ఆకారమును, దానితోబాటు ఎర్రగీతను కూడ నిర్ణయించింది.

1940ల చివర ఈ పద్ధతి రద్దయింది. 1948 నుండి కొత్త కార్లకు ఒకే విధమైన పన్ను వచ్చింది. దాని ఫలితము చూడవలెనంటే ఒకే సంస్థవారి రెండు ఇంజనులను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే చాలును. 1932 నాటి ఫోర్డు చిన్న కారు ఇంజను 933 ఘన సెంటీమీటర్లది. అడ్డుకొలత 56.6, ఘాతము 92.5 మిల్లీమీటర్లు. 1959లో వచ్చిన ఫోర్డు ఆంగ్లియా ఇంజను 997 ఘన సెంటీమీటర్లది. దాని అడ్డుకొలత 81, ఘాతము 48.4 మిల్లీమీటర్లు. పరిమాణము దాదాపు ఒకటే. కాని పాత సూత్రము ప్రకారము మొదటిది 8 అశ్వశక్తి, రెండవది 16. పాత చట్టమే ఉండి ఉంటే రెండవ ఇంజను పుట్టి ఉండేది కాదు. ఆ పొట్టి ఘాతపు ఇంజనునే కీత్ డక్‌వర్త్, మైక్ కాస్టిన్ అనే ఇద్దరు 1958లో స్థాపించిన కాస్‌వర్త్ సంస్థ పందెములకు దిద్ది, 8,000 చుట్లకు పైగా తిప్పగలిగింది.

లోహముపై పడే భారము

పిస్టను వేగము పెరిగితే ప్రమాదము ఎందుకు? పిస్టను ప్రతి ఘాతము చివర పూర్తిగా ఆగి, వెనుకకు మరలవలెను. ఆపుటకూ మరల్చుటకూ బలము కావలెను. ఆ బలము కనెక్టింగు రాడ్డు ద్వారా రావలసినదే. జడత్వము వలన కలిగే ఈ బలము వేగముతో సమానముగా పెరగదు, వేగపు వర్గముతో పెరుగుతుంది. చుట్లు రెట్టింపైతే బలము నాలుగు రెట్లవుతుంది. మూడింతలైతే తొమ్మిది రెట్లవుతుంది.

హోండా సంస్థ 1999లో విడుదల చేసిన ఎస్ 2000 అను కారును ఉదాహరణగా తీసుకొందాము. దాని ఘాతము 84 మిల్లీమీటర్లు. 9,000 చుట్ల వద్ద పిస్టను సగటు వేగము సెకండుకు 25.2 మీటర్లు. కనెక్టింగు రాడ్డు వాలును లెక్కలోనికి తీసుకోకపోయినా, ఘాతము కొసన పిస్టను త్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు 3,800 రెట్లు ఉంటుంది. వాలును కూడ కలిపితే పై కొసన అది మరింత ఎక్కువ. పిస్టను బరువు 300 గ్రాములు అనుకొంటే, దానిని మరల్చుటకు ఒక టన్ను బరువుకు మించిన బలము కావలెను. ఈ గుంజుడు సెకండుకు 150 మార్లు జరుగుతుంది.

ఈ భారమును తగ్గించుటకు తేలిక మార్గము పిస్టను బరువు తగ్గించుట. మొదట పిస్టనులు పోత ఇనుముతో చేసేవారు. 1913లో డబ్ల్యు. ఓ. బెంట్లీ ఫ్రాన్సులోని ఒక కార్ల కర్మాగారమునకు పోయినప్పుడు, అక్కడ బల్లపై కాగితములు ఎగిరిపోకుండ పెట్టిన ఒక చిన్న అల్యూమినియము పిస్టను బొమ్మను చూశాడు. దానినుండి కలిగిన ఆలోచనతో పందెపు కార్లకు అల్యూమినియము మిశ్రలోహపు పిస్టనులు చేయించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ఈ పద్ధతి విమానపు ఇంజనులకు కూడ ఎక్కింది.

పిస్టను తరువాత చిక్కు వాల్వులది. క్యాము వాల్వును తెరుస్తుంది. మూయుట మాత్రము స్ప్రింగు పని. 9,000 చుట్ల వద్ద ప్రతి వాల్వు సెకండుకు 75 మార్లు తెరుచుకొని మూసుకోవలెను. ఒక వేగము దాటిన తరువాత స్ప్రింగు వెనుకబడిపోతుంది. వాల్వు క్యామును అంటిపెట్టుకొనక గాలిలో తేలియాడుతుంది. అప్పుడు సిలిండరు సరిగా మూతపడక శక్తి పడిపోతుంది. అంతటితో పోతే మేలే. పైకి వచ్చే పిస్టను ఇంకా తెరిచి ఉన్న వాల్వును ఢీకొంటే ఇంజను ముక్కలవుతుంది.

దీనికి రెండు విరుగుడులు కనిపెట్టారు. మొదటిది స్ప్రింగుకు బదులు మరొక క్యాముతోనే వాల్వును మూయించుట. 1954లో మెర్సిడెస్ సంస్థ తన గ్రాంప్రి కారులో ఈ పద్ధతి వాడింది. ఆ కార్ల సాయముతో హువాన్ మాన్యుయల్ ఫాంజియో 1954, 1955 సంవత్సరములలో ప్రపంచ విజేత ఐనాడు. ఇటలీలో ఫాబియో తాలియోని 1956లో డుకాటి మోటారు సైకిలుకు దీనిని అమర్చాడు. రెండవది లోహపు స్ప్రింగుకు బదులు నొక్కిపెట్టిన వాయువును ఉపయోగించుట. రెనో సంస్థ 1986లో ఫార్ములా వన్ పందెములలో దీనిని ప్రవేశపెట్టింది. వాయువుకు బరువు స్వల్పము. అదురు సమస్య ఉండదు.

మరొక మార్గము భాగములను చిన్నవి చేయుట. 1966లో హోండా సంస్థవారి 250 ఘన సెంటీమీటర్ల పందెపు మోటారు సైకిలులో ఆరు సిలిండర్లు ఉన్నాయి. ఒక్కొక్క సిలిండరు దాదాపు 41 ఘన సెంటీమీటర్లే. ఆ ఇంజను 18,000 చుట్లు తిరిగింది. 2006లో కాస్‌వర్త్ వారి ఫార్ములా వన్ ఇంజను 20,000 చుట్లను అందుకున్నది. ఆ ఏటి నియమముల ప్రకారము ఇంజను 2.4 లీటర్లు, సిలిండర్లు 8, అడ్డుకొలత 98 మిల్లీమీటర్లకు మించరాదు. ఆ అంకెలతో లెక్క కడితే ఘాతము దాదాపు 40 మిల్లీమీటర్లు, 20,000 చుట్ల వద్ద పిస్టను వేగము సెకండుకు 26.5 మీటర్లు వస్తుంది.

గేరు ఎప్పుడు మార్చవలెను?

ఇంజను ఎంత వేగము తిరగగలదో తెలిసిన తరువాత, అక్కడివరకు తిప్పుట లాభమా అనే ప్రశ్న వస్తుంది. ఇది గేరులకు సంబంధించినది. 1898లో ఫ్రాన్సులో లూయీ రెనో చేసిన కారులో పై గేరున ఇంజను తిరుగుడు నేరుగా వెనుక ఇరుసుకు అందే ఏర్పాటు ఉన్నది. ఆ కాలపు గేరులు మార్చునప్పుడు పళ్ళు పళ్ళతో ఒరుసుకొని గీకుమని శబ్దము చేసేవి. రెండు చక్రముల వేగమును ముందుగా సమము చేసి, తరువాత కలిపే సింక్రోమెష్ అనే ఏర్పాటును 1928లో కాడిలాక్ సంస్థ కార్లలోనికి తెచ్చింది. ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్ దానిని కనిపెట్టాడు. అప్పటినుండి గేరు మార్చుట సామాన్యునికి సులభమైనది.

చక్రముల వద్ద తోపుడు బలము రెండింటిపై ఆధారపడుతుంది. ఒకటి ఇంజను తిప్పుడు బలము, అంటే టార్కు. రెండవది గేరు నిష్పత్తి. క్రింది గేరున నిష్పత్తి ఎక్కువ కనుక తోపు ఎక్కువ. కాని వేగము పెరిగేకొద్దీ ఇంజను టార్కు తగ్గుతుంది. 9,000 చుట్ల వద్ద సిలిండరు గాలితో నిండుటకు దొరికే వ్యవధి సెకండులో 300వ వంతు మాత్రమే. గాలి పూర్తిగా నిండదు. రాపిడి కూడ పెరుగుతుంది. ఒక చోట క్రింది గేరులో తోపు తగ్గి తగ్గి, పై గేరుకు మారితే వచ్చే తోపుతో సమానమవుతుంది. గేరు మార్చుటకు సరియైన స్థానము అదే. అక్కడికి రాకముందే మార్చితే తోపు పోగొట్టుకున్నట్లే. అంతకు ముందే ఎర్రగీత వస్తే, ఎర్రగీత వద్దనే మార్చవలెను.

పైన చెప్పిన హోండా కారులో రెండవ గేరు నిష్పత్తి 2.045, మూడవది 1.481. రెండవ గేరులో 9,000 చుట్ల వద్ద మూడవదానికి మార్చితే ఇంజను 6,500 చుట్లకు దిగుతుంది. 9,000 వద్ద టార్కు 190 యూనిట్లు, 6,500 వద్ద 210 యూనిట్లు అనుకొందాము. రెండవ గేరులో 190ని 2.045తో గుణిస్తే 389. మూడవ గేరులో 210ని 1.481తో గుణిస్తే 311. ఇంజను టార్కు తగ్గినా చక్రముల వద్ద తోపు రెండవ గేరులోనే ఎక్కువ. కనుకనే ఆ కారు గరిష్ఠ శక్తి 8,300 చుట్ల దగ్గర ఉన్నా, పందెములో దానిని 9,000 వరకు పోనిస్తారు. టార్కు ఎక్కువగా ఉన్న చోటనే గేరు మార్చవలెనని చాలమంది అనుకొంటారు. ఈ లెక్క ఆ అభిప్రాయము సరికాదని తెలుపుతుంది.

ఐతే ఇది పందెపు లెక్క. బజారుకు పోయేవారికి ఇది పనికిరాదు. ఇంధనము పొదుపు చేయవలెనంటే రాపిడి తక్కువగా ఉండే తక్కువ చుట్ల వద్దనే పై గేరుకు మారవలెను. కాని మరీ తక్కువ చుట్ల వద్ద పై గేరులో బలవంతముగా లాగిస్తే ఇంజను దడదడలాడి దెబ్బతింటుంది.

కాపలా, దాని హద్దు

ముల్లును గమనించుట నడిపేవాని పని. యంత్రముల వేగము కొలిచే టాకోమీటరును జర్మనీలో డీట్రిఖ్ ఊల్‌హార్న్ 1817లోనే తయారుచేశాడు. కాని మనిషి కన్ను ఎప్పుడూ ముల్లుపై ఉండదు. 1960లలో లోటస్ ఇలాన్ వంటి కార్లలో, మెరుపును పంచే తిరుగుడు చేతిపై ఒక చిన్న బరువును స్ప్రింగుతో కట్టి ఉంచారు. 6,500 చుట్ల వద్ద ఆ బరువు బయటికి జరిగి మెరుపును ఆపివేసేది. ఇంజను కొంచెము నెమ్మదించగానే మెరుపు మరల వచ్చేది. తరువాతి కాలమున ఈ పనిని ఎలక్ట్రానిక్ సాధనములు చేపట్టి, ఇంధనమును గాని మెరుపును గాని ఆపసాగినవి.

ఇటువంటి కాపలా ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండరాదు. అది ఇంజను తన శక్తితో తాను పరుగెత్తుటను మాత్రమే ఆపగలదు. మూడవ గేరులో 9,000 చుట్ల వద్ద ఉన్నవాడు నాల్గవ గేరుకు పోబోయి, తొందరలో రెండవ గేరులో వేసి క్లచ్చి వదిలాడనుకొందాము. ఇప్పుడు ఇంజను చక్రములను త్రిప్పుటలేదు; ఉరుకుతున్న కారు చక్రములే ఇంజనును త్రిప్పుతున్నవి. 9,000ని 2.045తో గుణించి 1.481తో భాగిస్తే 12,400 దాటుతుంది. వేగము 1.38 రెట్లైనది కనుక జడత్వపు బలము 1.9 రెట్లు, అంటే దాదాపు రెట్టింపు. ఇంధనము ఆపినా, మెరుపు ఆపినా ఉపయోగము లేదు. వాల్వులు వంగుతాయి, రాడ్డులు విరుగుతాయి. చేతితో గేరు మార్చే కార్లలో ఈ ప్రమాదము నేటికీ ఉన్నది. నడిపేవాని చేయి తప్పితే కాపాడేది ఏదీ లేదు.

మారిన అంకె, మారని హద్దు

ఇదే హోండా కారుకు 2004లో అమెరికాలో ఇంజను మార్చారు. తక్కువ చుట్ల వద్ద టార్కు పెంచుటకై ఘాతమును 84 నుండి 90.7 మిల్లీమీటర్లకు పొడిగించారు. దానితోబాటే ఎర్రగీతను 9,000 నుండి 8,000కు దించారు. ఎందుకు దించారో విద్యార్థులు సులభముగా గ్రహించగలరు. 9,000 వద్దనే ఉంచి ఉంటే పిస్టను వేగము 27.2 మీటర్లు అయ్యేది. 8,000కు దించినందున 24.2 అయినది. 2020లో గోర్డన్ మరీ సంస్థ ప్రదర్శించిన టి. 50 కారులో ఆరు గేరులను చేతితోనే మార్చవలెను. దాని ఎర్రగీత 12,100. చూచుటకు అది బ్రహ్మాండముగా కనిపిస్తుంది. కాని దాని ఘాతము 63.8 మిల్లీమీటర్లే కనుక పిస్టను వేగము 25.7 మీటర్లు.

ఈ అంకెలను వరుసగా పేర్చి చూడండి. 1886లో 2 మీటర్లు. 1912లో 14.7. 1999లో 25.2. 2006లో 26.5. 2020లో 25.7. బెంజ్ బండి నుండి ఫార్ములా వన్ కారు వరకు చుట్లు 400 నుండి 20,000కు, అంటే 50 రెట్లు పెరిగినవి. పిస్టను వేగము మాత్రము 13 రెట్లే పెరిగింది. చివరి మూడు ఇంజనులలో చుట్లు 9,000 నుండి 20,000 వరకు మారినా పిస్టను వేగము దాదాపు ఒకేచోట నిలిచిపోయింది. పలకపైని అంకె మారుతున్నది. లోహము పెట్టిన హద్దు మాత్రము పెద్దగా కదలలేదు.

నియమములు ఇంజనును దిద్దుట కూడ ఆగలేదు. ఫార్ములా వన్‌లో 2007లో 19,000, 2009లో 18,000 చుట్లకు హద్దు పెట్టారు. 2014లో ఆ హద్దు 15,000 అయినా, 10,500 చుట్లకు పైన గంటకు 100 కిలోల కంటె ఎక్కువ ఇంధనము ఇవ్వరాదని మరొక నియమము చేశారు. ఇంధనము పెరగకుండ చుట్లు పెరిగితే రాపిడి తప్ప లాభము లేదు. అందుచేత ఇంజనులు 15,000 వరకు పోవుటే మానివేసినవి. ఆనాడు బ్రిటనులో అడ్డుకొలతపై వేసిన పన్ను ఘాతమును పొడిగించినది. ఈనాడు ఇంధనముపై పెట్టిన పరిమితి చుట్లను తగ్గించినది. దేనిని కొలుస్తామో దానిని బట్టి యంత్రపు రూపము మారుతుందని ఈ రెండు ఉదాహరణలు బోధిస్తున్నవి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్ కార్ల పందెము జరిగింది. ఆ కార్లలో గేరు మార్చుట అనేది లేదు. వాటికి ఒక్కటే గేరు. విద్యుత్ మోటారులో ముందుకు వెనుకకు మరలే పిస్టను లేదు, తెరిచి మూసే వాల్వు లేదు. నిలిచి ఉన్నప్పటినుండే అది పూర్తి టార్కు ఇస్తుంది. దానికి కూడ వేగపు హద్దు ఉన్నది గాని, దాని కారణములు వేరు.

ఐనా పిస్టను ఇంజను మన వీధులలోనే ఉన్నది. తెలుగునాట ప్రతి ఊరిలో కనిపించే స్ప్లెండర్ మోటారు సైకిలు ఇంజను 97.2 ఘన సెంటీమీటర్లది. ఘాతము 49.5 మిల్లీమీటర్లు, గరిష్ఠ శక్తి 8,000 చుట్ల వద్ద. లెక్క కడితే పిస్టను వేగము సెకండుకు 13.2 మీటర్లు వస్తుంది. 1912లో ప్రపంచమును ఆశ్చర్యపరచిన పందెపు కారు పిస్టను వేగమునకు ఇది కొద్ది తక్కువ మాత్రమే. ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్కను విద్యార్థుల చేత చేయించవచ్చును. వాహనముతో ఇచ్చే పుస్తకములో ఘాతము, చుట్లు రెండూ ఉంటాయి. ఇంటిముందు నిలిచిన బండిలో ఎంతమంది ఇంజనీర్ల కృషి ఇమిడి ఉన్నదో ఆ చిన్న గుణకారమే చెప్పగలదు.